ర మీద తలకట్టు

జూన్ 10

మా డీటీపీ దుకాణం షట్టర్ ఇంకా సగమే ఎత్తాను, కొమురవ్వ పెద్దమ్మ వంగి లోపలికి దూరింది. చేతిలో ఖాళీ సకినాల ప్యాకెట్టు.

"గిట్లనే కావాలె బిడ్డా. ఇసుమంత గూడ మారొద్దు."

ఇక్కడ సూరత్ దగ్గరే, బార్డోలీలో పౌచ్‌లు ప్రింట్ చేసేవాళ్లు దొరికారట. జిప్పుతో, గాలి చొరబడని కవర్లు. ఇన్నాళ్లూ ప్లాస్టిక్ సంచిలో పేరున్న కాగితం పెట్టి, పిన్ను కొట్టి అమ్మింది. ఇప్పుడు వాళ్లు పేరు ఫైలు అడిగారు. ఆ ఫైలు పాత కంప్యూటర్లో ఉండేది. మా ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే దాని డిస్కు కూడా పోయింది. ఇక మిగిలింది ఈ నూనె మరకల కాగితమే. 'కొమురవ్వ' అని ఎర్రటి అక్షరాలు, కింద చిన్నగా 'సకినాలు'.

"సదానందాన్ని అడుగు. ఆయననే గద చేసింది. ఏ అచ్చరాలో చెప్తడు."

చెప్తాడు అన్నాను.

ఆయనకు మాట పోయిందని పెద్దమ్మకు తెలుసు. ఇంటికి వచ్చి చూసి, ఏడ్చి వెళ్లింది కూడా. అయినా అలా అంది. నేనూ అలాగే అన్నాను.

జూన్ 11

ఆయన కాగితం ఎడమ చేత్తో అందుకుని చాలాసేపు చూశాడు. "ఏ ఫాంటు ఇది?" అని అడిగాను.

"మంగళారం" అన్నాడు.

మార్చిలో పక్షవాతంతో పడిపోయినప్పటి నుంచి ఆయన దగ్గర మిగిలిన మాట అదొక్కటే. ఆకలికి మంగళారం, ఫ్యాన్‌కి మంగళారం, కోపానికి మంగళారం. ఇవాళ నిజంగానే మంగళవారం. నేను నవ్వాను. ఆయనా నవ్వాడనే అనుకుంటున్నాను. మూతి ఒక పక్కకే కదులుతుంది కదా.

మాట లేకపోయినా అవును, కాదు ఉన్నాయి. అవునంటే తల ఊపుతాడు, కాదంటే అడ్డంగా తిప్పుతాడు. ఆ రెండింటితో సంసారం నడుస్తోంది. డాక్టరు కూడా మొదట్లో, అర్థం చేసుకుంటున్నాడు, మంచిదే అన్నాడు.

ఆయన బాగానే ఉన్నాడు.

జూన్ 13

ఫోటో తీసి ఇస్తే ఫాంటు పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాలైతే చిటికెలో చెబుతాయి. తెలుగు కాగితం పెడితే ఒకటి అరబ్బీ అంది, ఇంకొకటి బొమ్మ అంది. కాగితాన్ని స్కాన్ చేసి, అంచుల వెంట గీతలు గీసి చూశాను. సిరా పీల్చి అక్షరాలు ఉబ్బిపోయి ఉన్నాయి. పెద్దది చేస్తే జ్వరం వచ్చిన మనిషి రాసినట్టుంది. బార్డోలీ వాళ్లకు పంపితే, "బెన్, ఏ నహీ చలేగా" అని, ఇది పనికిరాదని ఒక్క ముక్కలో తేల్చారు.

కాబట్టి ఫాంటు దొరకాలి. దొరక్కపోతే దానికి దగ్గరగా ఉన్నది వెతికి సరిచేయాలి. ఈ పనులన్నీ ఆయనవి. నేను పెళ్లి కార్డుల్లో పేర్లు టైపు చేసేదాన్ని, అంతే. ఆయన వెనక నిలబడి చూసేవాడు, "గా గీతకు, గీ గీతకు నడుమ జర గాలి ఆడనియ్యి" అనేవాడు. ఆయన లేచేదాకా దుకాణం కాపాడడమే నా పని.

ఇవాళ్టి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. దుకాణంలో ఉన్న తెలుగు ఫాంట్లన్నింటిలో 'కొమురవ్వ' అని కొట్టి, ప్రింట్లు తీసి, సాయంత్రం చాయ్ తాగాక ఆయన ముందు పరుస్తాను. ఇదా? తల అడ్డంగా. ఇదా? అడ్డంగా. ఇదా?

అన్నీ కాదన్నాడు. పరవాలేదు, రేపు ఇంకొన్ని ఉన్నాయి.

జూన్ 14

కాదు.

జూన్ 16

గంగారాం బావ వచ్చాడు. ఆయనకు అన్న. ఉధ్నాలోనే మగ్గాల ఖాతాలో, అంటే మగ్గాలు నడిచే షెడ్డులో మేస్త్రీ. ఆదివారాలు మటన్ పట్టుకుని వస్తాడు, తమ్ముడి పక్కన కూర్చుని తానే మాట్లాడతాడు. ఇవాళ రాగానే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత. మంచిగ ఆలోచన చేసి చెప్పు. దుకాణం తీసేద్దామా? మన ఊరికి, సిరిసిల్లకు పోదామా? అక్క నిన్ను అరుసుకుంటది. వజ్రక్క రోజూ ఫోను చేస్తాంది, పట్కరా పట్కరా అని."

ఆయన బావ ముఖంలోకి చూశాడు. తల ఊపాడు. పైకీ కిందికీ, అనుమానం లేకుండా.

బావ ఏడ్చాడు. "చూసినవా హారతీ. వానికే ఉన్నది మనసుల."

చూశాను. ఇరవై ఏళ్ల దుకాణాన్ని అంత తేలికగా వదులుకున్నాడంటే లోపల ఎంత ఆలోచించుకున్నాడో. ఆయన ఇష్టమే నా ఇష్టం అని బావతో చెప్పాను. దుకాణం ఓనర్‌కి ఫోన్ చేసి, జూలై ఆఖరుకు ఖాళీ చేస్తామని కూడా చెప్పేశాను. మొబైల్ కవర్లు అమ్ముకునేవాడు ఎప్పటి నుంచో అడుగుతున్నాడట.

జూన్ 17

నాకేం బాధ లేదు.

జూన్ 18

నాకేం బాధ లేదు. పొద్దున దుకాణంలో కూర్చోలేక మూడుసార్లు బయటికి వచ్చి నిలబడ్డాను. వాన పడేలా ఉంది, పడదు. పక్క వీధిలో మగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే ఉన్నాను, ఎన్నడూ పట్టించుకోలేదు. ఇవాళ ఒక్కో దెబ్బా విడిగా వినిపించింది.

సిరిసిల్లలో కూడా మగ్గాలే కదా.

జూన్ 20

కొమురవ్వ పెద్దమ్మకు ఒక నమూనా చూపించాను. ఉన్నవాటిలో బాగా దగ్గరగా ఉన్న ఫాంటు తీసుకుని, లావు పెంచి, కొమ్ము వంపు సరిచేసి, తెలివిగానే చేశాననుకున్నాను. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"గిది నా పేరే గని, నేను గాదు బిడ్డా."

"ఏం తేడా ఉంది పెద్దమ్మా? నాలుగు అక్షరాలే కద."

"నాకు చదువు రాదు, నన్ను అడుగుతవేంది? ఖాతాల పనిచేసేటోళ్లల్ల సగం మందికి రాదు. గీ ర మీద ఉన్నది చూడు, గది చూసి పట్టుకుంటరు. దుకాణపోడు వేరేది ఇయ్యవోతే, గిది గాదు, అవ్వది ఇయ్యి అంటరట. ఇప్పుడు నా అసొంటి ప్యాకెట్లే ఇంకోలు గూడ తెచ్చిండ్రు. నేను మొఖం మార్చుకుంట పోతే ఎట్ల?"

పెద్దమ్మ వేలు పెట్టి చూపించింది. ర మీద తలకట్టు. మామూలుగా టిక్కు పెట్టినట్టు ఉంటుంది. దీని మీద అలా లేదు. వెనక్కి వంగి, చివర బొట్టులా ఉబ్బి, పిట్ట తల తిప్పి చూస్తున్నట్టుంది. వ్వ మీద కూడా అదే. ఇన్ని రోజులు కళ్ల ముందు ఉన్నా దాన్ని నేను చూడలేదు.

జూన్ 21

కుడి చేతికి వ్యాయామం చేయిస్తుంటే ఆయన నా చెయ్యి విసిరికొట్టాడు. గట్టిగా తగిలింది. "నొప్పి లేస్తాందా?" అని అడిగాను. తల అడ్డంగా తిప్పాడు. నొప్పి లేనప్పుడు ఇంత మొండితనం ఎందుకు? రోజూ ఇదే గొడవ. చేయించకపోతే చెయ్యి బిగుసుకుపోతుందని ఫిజియోథెరపీ ఆయన అన్నాడు. చేయించాను.

జూన్ 23

వాన మొదలైంది. దుకాణం మూసి పెందరాళే వచ్చాను. చాయ్ తాగాక కాగితాలు పరిచాను. ఈసారి మరీ పనికిరానివి కూడా పెట్టాను. సినిమా పోస్టర్లవి, దేవుడి పటాల కింద రాసేవి. అవి కావని నాకు తెలుసు. అయినా ఒక్కొక్కటి ఎత్తి చూపించాను, ఆయన ఒక్కొక్కటి శ్రద్ధగా చూసి కాదన్నాడు.

ఈ ఒక్క అరగంటే ఆయన టీవీ వంక కాకుండా నా వంక చూస్తాడు.

కొమురవ్వ పెద్దమ్మ ఫోన్ చేసింది. ఇంకా వెతుకుతున్నాం అన్నాను. 'వెతుకుతున్నాం' అనే అన్నాను.

జూన్ 25

కాగితాల పెట్టెలో అడుగున ఒక సీడీ దొరికింది. ఎప్పుడో హైదరాబాదు నుంచి తెప్పించుకున్న పాత డీటీపీ ఫాంట్లు. వాటికి పేర్లు కూడా లేవు, నంబర్లే. తెలుగులో కొడితే ఇంగ్లిషు గుర్తులు పడతాయి. అక్షరం, కొమ్ము, తలకట్టు దేనికదే విడిగా కొట్టి అతకాలి. మధ్యాహ్నం అంతా అదే పని. అలిసిపోయాను, కానీ ప్రింట్లు తీశాను.

సాయంత్రం చూపిస్తుంటే ఒకదాని దగ్గర ఆయన తల గట్టిగా అడ్డంగా తిప్పాడు. సరే అని తర్వాతి కాగితం తీయబోయాను. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. విడిపించుకుని కాగితం తిప్పాను. "మంగళారం! మంగళారం!" అని అరిచాడు. కాగితం లాక్కున్నాడు, నేనూ లాగాను, అది చిరిగింది.

"వద్దంటవు, మళ్ల గుంజుతవు! ఏం చెయ్యాలె నేను? ఏం చెయ్యాలె చెప్పు!"

పక్కింటివాళ్లకు వినిపించే ఉంటుంది. ఆయన తల తిప్పుతూనే ఉన్నాడు, అడ్డంగా, అడ్డంగా. కళ్లలో నీళ్లు.

విసిగిపోయినట్టున్నాడు. దుకాణం వద్దనుకున్న మనిషిని నేనే దుకాణం పనితో వేధిస్తున్నాను.

జూన్ 26

ఇక చూపించను.

జూన్ 28

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాట నేర్పే స్పీచ్ థెరపీ ఆవిడ దగ్గర ఏప్రిల్‌లో పేరు రాయిస్తే ఇవాళ పిలిచారు. హేతల్‌బెన్. చిన్న వయసే. ఆవిడకు తెలుగు రాదు. "నేను హిందీలో చెబుతాను, మీరు మీ భాషలో అడగండి హారతిబెన్. ఆయన జవాబు చెప్పాక మీరేం అనొద్దు, ముఖం కూడా మార్చొద్దు" అంది.

నీ పేరు సదానందమా, అని అడగమంది. నవ్వొచ్చింది, కానీ అడిగాను.

తల అడ్డంగా తిప్పాడు.

నీ పేరు దేవదాసా?

ఊపాడు.

మనం సూరత్‌లో ఉన్నమా? కాదు. నువ్వు ఆడమనిషివా? అవును. అవునని చక్కగా, మర్యాదగా ఊపాడు. నేను నవ్వేశాను. హేతల్‌బెన్ నవ్వలేదు. ఇంకొన్ని అడిగించింది. కొన్ని సరిగ్గా వచ్చాయి, కొన్ని తప్పుగా. ఏది ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

తర్వాత బల్ల మీద చెంచా, దువ్వెన, తాళంచెవి పెట్టింది. తల దువ్వుకునేది ఏది అని అడిగించింది. ఆయన ఎడమ చెయ్యి నేరుగా దువ్వెన మీదికి వెళ్లింది. తలుపు తీసేది? తాళంచెవి. ఒక్కటి కూడా తప్పలేదు.

"ఆయనకు అర్థమవుతోంది. లోపల అవును అనుకుంటాడు, తల కాదు అని తిరుగుతుంది. ఈ జబ్బులో చాలామందికి ఇలా అవుతుంది. తలను నమ్మకండి. చేతిని చూడండి, కళ్లను చూడండి. వస్తువులో ఫోటోలో ముందు పెట్టి చూపించమనండి. ఇది ఇన్నాళ్లూ మీకెవరూ చెప్పలేదా?"

లేదన్నాను.

బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాం. నేనేమేం అడిగానో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. చక్కెర వెయ్యనా. ఫ్యాన్ బంద్ చెయ్యనా. దీపం ఆర్పనా. అమ్మవాళ్లు చూడ్డానికి వస్తామంటున్నారు, రమ్మననా. నా మీద కోపమా.

నొప్పి లేస్తాందా.

ఇంటికి రాగానే ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "ఎక్కడ నొప్పో చెయ్యి పెట్టి చూపించు" అన్నాను. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి కుడి భుజం మీద పెట్టుకున్నాడు. అక్కడే ఉంచాడు. నా వంకే చూశాడు.

మార్చి నుంచి రోజూ ఆ చేతిని

జూన్ 29

ఫిజియోథెరపీ ఆయనకు ఫోన్ చేసి భుజం సంగతి చెప్పాను. చెయ్యి పైకి లాగొద్దు, కింద దిండు పెట్టండి, సోమవారం తీసుకురండి అన్నాడు. దిండు పెట్టాను. ఆయన చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం నిద్రపోయాడు.

లేచాక చిరిగిన కాగితాన్ని అతికించి, మిగతావాటి మధ్యలో పెట్టి పరిచాను. ఇదా అదా అని అడగలేదు. "పెద్దమ్మది చూపించు" అన్నాను, అంతే.

వేలు దాని మీద పెట్టాడు. తల మాత్రం అడ్డంగా తిరిగింది. నేను తలను చూడలేదు.

ఆటో పిలిచి దుకాణానికి తీసుకెళ్లాను. మెట్టు ఎక్కించడానికి పక్క దుకాణం లింగమూర్తి సాయం పట్టాడు. పడిపోయినప్పటి నుంచి ఆయన అక్కడికి రాలేదు. కుర్చీలో కూర్చుని ఎటూ చూడకుండా స్క్రీన్ ఒక్కటే చూశాడు. నేను ఆ నంబరు ఫాంటులో పేరు కొట్టాను. కొ, ము, ర, వ్వ అన్నీ అచ్చం అలాగే దిగాయి. తలకట్టు మాత్రం మామూలు టిక్కు. కాగితం మీద ఉన్న పిట్ట కాదు. ఫాంటు అదే, తలకట్టు దానిది కాదు.

"మరి గిదెక్కడిది?"

ఆయన మౌస్ ఎడమ చేత్తో పట్టుకున్నాడు. బాణం స్క్రీన్ అంతా తిరిగింది. నేను సాయం చేయబోతే చెయ్యి నెట్టేశాడు. చివరికి ము దగ్గర ఆగింది. ము కొమ్ము మీద. అక్కడ రెండుసార్లు నొక్కి, బాణాన్ని ర మీదికి లాగాడు.

కొమ్మునే విడదీసి, చిన్నది చేసి, తిరగేసి, వంచి ర మీద, వ్వ మీద పెట్టాను. పిట్ట తల తిప్పి చూసింది.

ఎంత వెతికినా ఆ పిట్ట ఎందుకు దొరకలేదో అర్థమైంది. ఆ తలకట్టు ఏ ఫాంటులోనూ లేదు. ఆయనకు టిక్కు నచ్చి ఉండదు. అందుకని అదే పేరులో ఉన్న ముక్కను తీసి మార్చుకున్నాడు.

నేను పాత కాగితాన్ని స్క్రీన్ పక్కన పట్టుకుని చూస్తూ ఏడ్చాను. ఆయన చూడలేదు. స్క్రీన్ వంక కూడా చూడడం మానేశాడు. వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. తొందరగా ఇంటికి పోవాలని ఉన్నట్టు కాలు కదుపుతున్నాడు.

జూలై 1

పెద్దమ్మ ప్రింటు చూసి, కొంగుతో కాగితం మీద చేతి మరక తుడిచి, మడత పెట్టకుండా పట్టుకుని వెళ్లింది. బార్డోలీ వాళ్లకు ఫైలు పంపాను. "పర్ఫెక్ట్ ఛే" అని మెసేజ్.

సంతోషంగా ఉండాలి కదా. కాలు ఒకచోట నిలవడం లేదు.

జూలై 2

తల నమ్మకూడదంటే, బావకు చెప్పిన జవాబు కూడా నమ్మకూడదు. ఆయన సిరిసిల్ల వద్దన్నాడేమో. దుకాణం ఉంచమన్నాడేమో. ఉంచమనే అని ఉంటాడు. మళ్లీ అడగాలి. ఆదివారం బావ ముందే అడుగుతాను.

జూలై 4

ఉంచమనే అని ఉంటాడు.

జూలై 7

బావ వచ్చాడు. హేతల్‌బెన్ చెప్పిందంతా చెప్పాను. నమ్మలేదు.

"వాడు నా కండ్లల్లకు చూసి తల ఊపిండు హారతీ. నీకు పోబుద్ధి కాక గిట్ల చెప్తున్నవ్."

"బావా, జర ఆగుండ్రి. మీరే అడుగుండ్రి. నేను దూరంగ నిలవడ్త."

రెండు ఫోటోలు ప్రింటు తీసి ఉంచాను. ఒకటి మా దుకాణం, దీపావళికి లైట్లు పెట్టినప్పటిది. రెండోది సిరిసిల్ల ఇంటి అరుగు మీద వాళ్లక్క, వజ్రమ్మ వదిన. రెండూ ఆయన ముందు పెట్టి, నేను వంటగది గడప దగ్గరికి వెళ్లాను. బావ అడిగాడు. "తమ్మీ, ఏడ ఉంటవు? చూపించు."

ఆయన ఎడమ చెయ్యి వదిన ఫోటో మీద పెట్టాడు.

బావ ఫోటోలు అటుదిటు మార్చి మళ్లీ అడిగాడు. మళ్లీ వదినే. ఈసారి ఫోటో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దుకాణం ఫోటో మీద చూపు పడితే కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. మొన్న కుర్చీలో వీధి వైపు చూస్తూ కాలు కదిపింది ఇందుకే. కూర్చుని పని చేయలేని చోట ఆయన కూర్చోలేడు. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన అక్క దగ్గరికి పోతానంటున్నాడు. ఆ రోజు తల సరిగ్గానే ఊపాడు.

"ఇగ ఏమంటవు?" అన్నాడు బావ. గెలిచినట్టు అనలేదు. మెల్లగా అన్నాడు.

నా నోట్లోంచి మాట అదే వచ్చింది. "నేను రాను బావా."

"ఏంది?"

"ఆయనను తీస్కపోండ్రి. అక్క దగ్గర ఉండనీ. కరీంనగర్‌ల గూడ మాట నేర్పేటోళ్లు ఉన్నరట, హేతల్‌బెన్ పేరు రాసిచ్చింది. దసరాకు నేనొస్త, నడుమ గూడ వస్త. దుకాణం మాత్రం తియ్య."

"మొగడు గిట్లుంటే నువ్వీడ ఒక్కదానివే దుకాణం నడుపుతవా? నలుగురేమంటరు?"

"అంటరు. ఆయన మనసుల ఏమున్నదో అని అందరం అడిగినం. రెండుసార్లు అడిగినం, ఫోటోలు పెట్టి అడిగినం. నన్ను ఒక్కలన్న అడిగిండ్రా? నేను గూడ నన్ను అడుక్కోలే."

బావ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. టికెట్లు చూస్తానన్నాడు.

నేను ఆయన దగ్గర కూర్చున్నాను. దుకాణం ఫోటో తీసి నా గుండె మీద పెట్టుకుని, "నేను ఈడ ఉంట. నువ్వు అక్క దగ్గర ఉండు. మళ్ల కలిసి ఉందం" అని చెప్పాను. ఆయన తల ఎటో ఒకవైపు ఊపుతాడని చూశాను. ఊపలేదు. చెయ్యి నా తల మీద పెట్టాడు, బరువుగా.

జూలై 8

ఓనర్‌కి ఫోన్ చేశాను. ఖాళీ చేయడం లేదన్నాను. "సదాభాయ్ అదే అన్నాడా?" అన్నాడు. లేదు, నేనే అంటున్నాను అన్నాను.

జూలై 13

ఉధ్నా స్టేషన్‌లో రైలు ఎక్కించాను. కిటికీ పక్క సీటు. బావ దిండు సర్దాడు, కుడి చేతి కింద ఎలా పెట్టాలో నేను చూపించాను. బండి కదిలాక చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను. ఎటు పోవాలో కాళ్లకు తెలియలేదు. తర్వాత దుకాణానికే పోయాయి.

జూలై 14

తప్పు చేశానా?

జూలై 15

వదిన ఫోన్ చేసింది. ఆయన నిద్రపోతున్నాడట. భుజానికి వేడి కాపడం పెడుతోందట. "నువ్వు తిన్నవా?" అంది. ఇంకేమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉంది.

జూలై 21

పాండేసరలో ఒక తెలుగువాళ్లింట్లో పెళ్లి. అమ్మాయి నాన్న, సార్ లేరా అన్నాడు. లేరు, నేనే చేస్తాను, చెప్పండి అన్నాను. కాసేపు నిలబడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని పేర్లు చెప్పాడు.

కార్డు మీద పేరు రెండు రకాలుగా చేశాను. ఒకదానిలో అక్షరాలు దగ్గర దగ్గరగా, నిండుగా. రెండోదానిలో విడివిడిగా, పలచగా. సాయంత్రం వీడియో కాల్ చేశాను. వదిన ఫోన్ పట్టుకుంది. ఆయన గడ్డం చేయించుకున్నాడు, ముఖం తేటగా ఉంది. రెండు కార్డులు కెమెరాకు చూపించాను. ఆయన ముందుకు వంగి చాలాసేపు చూశాడు, పాతరోజుల్లో నా వెనక నిలబడి చూసినట్టే. నిండుగా ఉన్నదాని మీద వేలు పెట్టాడు.

నాకు పలచగా ఉన్నది నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆయనకు చెప్పాను. అక్షరానికి అక్షరానికి మధ్య పెళ్లికూతురు పేరు ఊపిరి పీలుస్తోంది అన్నాను. ఆయన వేలు నిండుగా ఉన్నదాని మీదే ఉంచి, నన్ను చూసి "మంగళారం" అన్నాడు. కచ్చితంగా వాదించాడు. గాలి ఆడనియ్యమన్నది నువ్వే గద అని నేనూ వాదించాను. వదిన ఫోన్ పట్టుకుని పకపకా నవ్వింది.

పలచగా ఉన్నదాన్నే ప్రింటుకు పంపాను.